ఇసుకే జలాశయం: స్వర్ణముఖి ఒడ్డున బతుకులు

తిరుచానూరు దగ్గరి వంతెన మీద నిలబడి చూస్తే స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు కనిపించదు. కనిపించేది ఇసుక, అక్కడక్కడ గుబురుగా పెరిగిన సర్కారు తుమ్మ, ఒక అంచున సన్నగా సాగే మురుగు. ఈ దృశ్యం చూసినవారు అది ఎండిపోయిన నది అనుకోవడం సహజమే గానీ, చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా ఒడ్డున వ్యవసాయం చేసినవారు దాన్ని ఏనాడూ అలా చూడలేదు. వారి లెక్కలో నీరు ఇసుక కింద ఉండేది, వాన వెలిసిన తరువాత కూడా నెలల తరబడి అక్కడే ఉండేది, తవ్వినవారికి అందేది. స్వర్ణముఖి గురించి ఇవాళ్టి చర్చలో ఎక్కువగా మరుగున పడుతున్న విషయం ఇదే. ఈ నదికి ప్రధాన జలాశయం దాని ఇసుకే. ఆ ఇసుకను కేవలం కట్టడపు సరుకుగా లెక్కకట్టడం మొదలైన తరువాతే ఒడ్డున ఉన్న పల్లెలకు కరువూ వరదా రెండూ తీవ్రమయ్యాయి.

స్వర్ణముఖి తూర్పు కనుమల్లో, పాకాల, చంద్రగిరి ప్రాంతాల కొండల్లో పుడుతుంది. అక్కడి నుంచి తిరుపతి దక్షిణ అంచును ఒరుసుకుంటూ తిరుచానూరు, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగి వాకాడు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు సుమారు 130 కిలోమీటర్లు. గోదావరి, కృష్ణలతో పోలిస్తే ఇది ఒక వాగంత. అయితే పుట్టిన కొండ నుంచి కలిసే సముద్రం దాకా ఉన్న దూరం తక్కువ కావడమే దీని స్వభావాన్ని నిర్ణయించింది. శేషాచలం కొండల పైభాగం గట్టి క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద పాతకాలపు గ్రానైట్, నీస్ శిలలు. నిటారైన ఆ రాతి మీద పడ్డ వాన ఎక్కువసేపు నిలవదు, గంటల్లో లోయలోకి దిగుతుంది. పైగా ఈ ప్రాంతానికి వానలో పెద్ద భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతపు వాయుగుండాలతో వస్తుంది. అంటే ఏడాది నీరంతా కొద్దిరోజుల్లో వచ్చి కొద్దిరోజుల్లోనే వెళ్లిపోయే నది ఇది. వెళ్లిపోయే ఆ నీటిలో కొంత భాగాన్నయినా పట్టి నిలిపేది, రాయి అరిగి వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక మేట మాత్రమే.

కొండల నుంచి దిగే వాగుల్లో కళ్యాణి, భీమ ముఖ్యమైనవి. చంద్రగిరికి సమీపంలో తొండవాడ దగ్గర, అగస్తీశ్వరాలయం ఉన్నచోట, ఇవి స్వర్ణముఖిని చేరతాయి. ఏటా ముక్కోటికి అక్కడ జనం చేరి నదిలో దిగుతారు. అగస్త్యుడు తపస్సు చేసి ఈ నదిని భూమికి దించాడన్నది స్థలపురాణం. రంగంపేట దగ్గర కళ్యాణి మీద 1977లో కట్టిన డ్యాం తిరుపతి తాగునీటికి చాలాకాలం ప్రధాన ఆధారమైంది. దాని నిల్వ సామర్థ్యం సుమారు 25 మిలియన్ ఘనపు మీటర్లు, అంటే 0.9 టీఎంసీకి దగ్గర. కొండమీది తిరుమలకు గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు ఉన్నాయి. ఈ కట్టడాల అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆనకట్ట నీటితోపాటు ఇసుకను కూడా ఆపుతుంది. కింది నదికి ఏటా కొత్తగా చేరవలసిన మేటలో ఒక భాగం డ్యాం అడుగునే ఉండిపోతుంది. లెక్కల్లో ఇది సాధారణంగా కనిపించదు.

ఇసుక నీటిని ఎంత పడుతుందో ఒక చిన్న అంచనాతో చూడవచ్చు. ముతక ఇసుకలో రేణువుల మధ్య ఖాళీ దాదాపు మూడో వంతు ఉంటుంది. అందులో నిండిన నీటిలో కొంత రేణువులకు అంటుకుని ఉండిపోగా, మొత్తం ఇసుక పరిమాణంలో ఐదో వంతు నీరు తవ్విన గోతిలోకి, బావిలోకి ఊరుతుంది. వంద మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఇసుక ఉన్న నదిని ఒక కిలోమీటరు మేర తీసుకుంటే మూడు లక్షల ఘనపు మీటర్ల ఇసుక అవుతుంది. ఊరే నీరు అరవై వేల ఘనపు మీటర్లు, అంటే ఆరు కోట్ల లీటర్లు. ఎండకు ఆవిరి కాకుండా, భూసేకరణ లేకుండా, గేట్లూ సిబ్బందీ లేకుండా ఒక్క కిలోమీటరులో ఉన్న నిల్వ అది. ఇదే లెక్కను తిరగేస్తే, పది ఘనపు మీటర్ల ఇసుకతో ఒక లారీ ఏట్లోంచి బయటికి వచ్చినప్పుడు రెండు వేల లీటర్ల నీరు నిలిచే చోటు పోయినట్టు. ఆ చోటు ఆ ఏడాదికే పోదు. మళ్లీ ఇసుక మేట వేసేదాకా ప్రతి ఏడాదీ ఆ రెండు వేల లీటర్లు నిలవకుండా సముద్రానికి పోతాయి.

ఈ నిల్వను వాడుకోవడానికి చిత్తూరు ప్రాంతపు రైతులు తరతరాలుగా నడిపిన పద్ధతి ఊటకాలువ. దీని వెనుక ఉన్న తెలివి గమనించదగినది. వరద తీసి ఏరు పైకి ఎండినట్టు కనిపించే వేళకు ఆయకట్టు రైతులంతా ఇంటికి ఇంతమంది అని చేరి, నది మధ్యలో ఇసుకను లోతుగా చీల్చి కాలువ మొదలుపెట్టేవారు. అక్కడ మొలలోతులోనో నిలువెత్తులోనో నీటిమట్టం తగులుతుంది. అక్కడి నుంచి కాలువను ఒడ్డువైపు ఏటవాలుగా, నది వాలు కంటే తక్కువ వాలుతో తవ్వుకుంటూ వస్తారు. నది అడుగు వేగంగా దిగుతూ పోతుంటే కాలువ అడుగు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి, కొంత దూరం వచ్చేసరికి కాలువలోని నీరు నేలమట్టానికి చేరి, ఏ ఏతమూ మోటారూ లేకుండా పొలంలోకి తనంత తానే పారుతుంది. ఇసుక జారి కాలువ పూడకుండా రెండు పక్కలా కంప, రెల్లు అడ్డం వేసేవారు. వరద వచ్చినప్పుడల్లా కాలువ పూడిపోయేది, మళ్లీ తవ్వేవారు. పని పంచుకున్నవారికే నీటిలో వంతు. నీరుకట్టు మనిషి ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసుకునేవాడు. నది వాలును కంటితో కొలిచి, దానికంటే తక్కువ వాలులో వందల గజాల కాలువను పారలతో తీయగలిగిన ఆ నేర్పు ఏ ఇంజనీరింగ్ పాఠానికీ తీసిపోదు.

ఈ ఏర్పాటంతా ఒక్క షరతు మీద నిలబడింది. నది అడుగు ఉన్న ఎత్తులోనే ఉండాలి. ఏట్లో ఇసుక రెండు మీటర్లు తగ్గితే నీటిమట్టమూ దానితోపాటే దిగుతుంది. కానీ పొలం దిగదు, కాలువ నోరూ దిగదు. పాత ఊటకాలువ తల నీటికి అందనంత ఎత్తులో వేలాడుతూ ఉండిపోతుంది. కాలువను ఇంకా లోతుకు తవ్వితే నీరు పొలానికి ఎక్కదు. ఆ దశలో మిగిలేది బోరు. బోరు వేయగలిగిన స్తోమత ఉన్న రైతు వేస్తాడు, పక్కవాడు ఇంకా లోతుకు వేస్తాడు, ఇద్దరి కంటే తక్కువ ఉన్న మూడోవాడు వేరుశనగ వేసి వానకోసం చూస్తాడు, లేదా పొలం బీడు పెట్టి తిరుపతికి కూలికి పోతాడు. ఊరందరి ఉమ్మడి నీరు విడివిడి బోర్ల నీరుగా మారడం వెనుక కరెంటు మోటార్ల రాక ఒక కారణమైతే, నది అడుగు కుంగడం అంతకు తగ్గని కారణం. ఒడ్డున ఉన్న చాలా పల్లెలకు తాగునీరు ఇప్పటికీ ఏటిలోనో ఏటి పక్కనో తీసిన బావుల నుంచే వస్తుంది కాబట్టి ఈ కుంగుబాటు సాగుతో ఆగదు, బిందెల దాకా వస్తుంది.

భూగర్భ నీటితో ఈ ప్రాంతానికి ఉన్న అనుబంధం గుళ్లలోనూ కనిపిస్తుంది. ఏర్పేడు మండలంలో నదికి చేరువలో ఉన్న గుడిమల్లం పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీస్తుకు పూర్వపుదని పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. దేశంలో ఇప్పటికీ పూజలందుకుంటున్న అతి పాత శివలింగాల్లో అది ఒకటి. అక్కడి గర్భాలయం చుట్టూ ఉన్న నేల కంటే పల్లంలో ఉంటుంది. అరవై ఏళ్లకొకసారి అందులో నీరు ఊరి స్వామిని అభిషేకిస్తుందని స్థానికుల విశ్వాసం. విశ్వాసాన్ని అలా ఉంచినా, ఏటికి దగ్గరగా పల్లంలో కట్టిన గదిలోకి మంచి వానల ఏడాదిలో ఊట ఎక్కడం నీటిమట్టం ఎంత పైకి రాగలదో చెప్పే గుర్తు. శ్రీకాళహస్తిలో ఆలయం కట్టిన కూలీలు పని ముగించి ఏట్లో మునిగి పిడికెడు ఇసుక తీసుకునేవారని, చేసిన కష్టానికి తగినంత బంగారంగా అది మారేదని మరో కథ. అక్కడ నది ఉత్తర దిశగా తిరిగి ఆలయాన్ని తాకుతూ పోతుంది. ఉత్తరవాహినిలో స్నానం ఆ క్షేత్రానికి వచ్చేవారికి ముఖ్యమైన విధి.

అదే శ్రీకాళహస్తిలో నదిపారకం మీద బతికిన మరో వృత్తి కలంకారీ. కలంతో వేసే ఈ అద్దకాన్ని కళగా మాత్రమే చూసేవారికి అందులో నీటి పాత్ర ఎంతో తెలియదు. గాడా గుడ్డను, అంటే తెల్లబరచని ముతక నూలుగుడ్డను, పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఏటి ఇసుక మీద పరచి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతూ ఎండబెట్టి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు రంగు చెదిరిపోకుండా చూస్తుంది. చింతబొగ్గుతో బొమ్మ గీసి, ఇనుప ముక్కలూ బెల్లమూ వారాల తరబడి పులియబెట్టి తీసిన నీటిని వెదురు కలంతో అద్దితే కరక్కాయతో కలిసి నల్లటి గీత అవుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. రెండు మూడు రోజులు ఆరిన గుడ్డను ఏటికి తీసుకుపోయి పారే నీటిలో చాచి పట్టుకోవాలి. పోగుకు పట్టని పటిక ఊడి నీటితో కొట్టుకుపోవాలి. అదే నిలవ నీటిలో ముంచితే ఊడిన పటిక పక్కన ఖాళీగా ఉండవలసిన చోట అంటుకుంటుంది. రంగు గాబులో ఉడికించినప్పుడు ఆ మరకంతా ఎర్రగా తేలుతుంది, దేవుడి ముఖం మీద కూడా. వారాల పని ఒక్క ఉతుకులో పోతుంది.

అందువల్ల శ్రీకాళహస్తిలో ఈ పని పెరగడం ఆలయం ఒక్కదాని వల్ల జరిగింది కాదు. గుడ్డను చాచి పట్టడానికి పారే నీరు, ఆరబెట్టడానికి మట్టి అంటని ఇసుక ఉన్న రేవు ఆలయం పక్కనే ఉండటం అంతే ముఖ్యం. గత శతాబ్దం మధ్యకు దాదాపు ఆగిపోయిన ఈ పనికి 1950ల చివర హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఏర్పడ్డ శిక్షణ కేంద్రం మళ్లీ ఊపిరి పోసింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ దక్కింది. పేరుకు గుర్తింపు వచ్చింది గానీ, ఆ పేరుకు కారణమైన పారకానికి ఏ రక్షణా రాలేదు. ఏట్లో నీరు లేనప్పుడు, ఉన్నదాంట్లో మురుగు కలిసినప్పుడు కళాకారులు బోరు నీటితో తొట్లలో ఉతుక్కోవలసి వస్తుంది. పారే నీరు ఉచితంగా చేసిన పనిని తొట్టిలో చేయాలంటే మళ్లీ మళ్లీ నీరు మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. నేలలోని ఉప్పులు కలిసిన గట్టినీరైతే రంగు తేలే తీరు కూడా మారుతుంది.

కలంకారీ ఎరుపుకు ఒకప్పుడు ఆధారమైన చిరువేరు కథ నదిని దాని చివరి ఒడ్డుతో కలుపుతుంది. తీరపు ఇసుక నేలల్లో, ముఖ్యంగా శ్రీహరికోట దీవిలో, ఈ వేరును తవ్వి తెచ్చినవారు యానాదులు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల్లోని ఏటి ఒడ్లనూ చెరువు కట్టలనూ ఆనుకుని బతికిన ఈ షెడ్యూల్డు తెగకు నది ఒక పొలం లాంటిది. మడుగుల్లో చేపలు, గట్ల మీద దుంపలు, మూలికలు, వరి కోతల తరువాత ఎలుకలు, వీటన్నిటికీ పట్టా అక్కర్లేదు. సరిగ్గా అందుకే నది పాడైనప్పుడు వారి నష్టం ఏ నమోదులోనూ ఎక్కదు. ఊటకాలువ పోయిన రైతు పరిహారం అడగగలడు, పొలం పాసుపుస్తకం చూపగలడు. మడుగు పోయిన యానాదికి చూపడానికి ఏ కాగితమూ ఉండదు. చాకిరేవు పోయిన రజకులదీ ఇదే స్థితి. స్వర్ణముఖి మీద ఆధారపడ్డవారిని లెక్కించేటప్పుడు ఆయకట్టు ఎకరాలతో ఆపడం వల్ల సగం బతుకులు లెక్కలోకి రాకుండా పోతున్నాయి.

ఇసుక తవ్వకం మీద పల్లెల ఆందోళనను ఈ నేపథ్యంలో చూడాలి. 2017 ఏప్రిల్ 21న మునగలపాలెం రైతులు స్వర్ణముఖిలో అక్రమ ఇసుక తవ్వకాలపై ఫిర్యాదు చేయడానికి ఏర్పేడు పోలీసు స్టేషన్‌కు వచ్చారు. స్టేషన్ ఎదుట వారు గుమిగూడి ఉండగా అదుపు తప్పిన లారీ ఒకటి కరెంటు స్తంభాన్ని ఢీకొని వారి మీదికి దూసుకొచ్చింది. పది మందికి పైగా చనిపోయారు. ఆ మృతులను ప్రమాద బాధితులుగా గుర్తుంచుకోవడం సరిపోదు. వారు అక్కడికి వచ్చిన పని తమ ఊరి నీటిని కాపాడుకోవడం. ఏట్లో ఇసుక పోతే తమ బోర్లు ఎండుతాయన్న విషయం ఏ సర్వే నివేదికా చదవకుండానే వారికి తెలుసు.

చట్టాలు లేవని చెప్పలేం. రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం భూగర్భజలానికి హాని చేసే ఇసుక తవ్వకాన్ని నియంత్రించే అధికారం ఇస్తుంది. ఐదు హెక్టార్ల లోపు తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. అయినా రాష్ట్రంలో ఇసుక మీద జరిగిన విధాన చర్చ అంతా ధర చుట్టూనే తిరిగింది. 2016లో ఉచితమన్నారు, 2019లో ప్రభుత్వ సంస్థ ద్వారా అమ్మకమన్నారు, 2021లో ప్రైవేటుకు అప్పగించారు, 2024 జూలైలో మళ్లీ ఉచితం చేశారు. ఇల్లు కట్టుకునేవారికి ఇసుక ధర పెద్ద విషయమే. కానీ ఈ నాలుగు విధానాల్లో దేన్ని తీసుకున్నా, ఒక వరద ఈ నదికి ఎంత ఇసుక తెచ్చింది, ఆ ఏడాది ఎంత తీస్తే మేట తగ్గకుండా ఉంటుంది అన్న ప్రశ్న చర్చకు కేంద్రం కాలేదు. గోదావరి లాంటి జీవనదికి ఒక వానాకాలంలో చేరే ఇసుకకూ, కొద్దిరోజులే పారే స్వర్ణముఖికి చేరే ఇసుకకూ పోలిక లేదు. రెండింటికీ ఒకే రాష్ట్ర విధానం వర్తించడమే మొదటి పొరపాటు.

మేట తగ్గిన నది వరదలో ఎలా ప్రవర్తిస్తుందో 2021 నవంబరు చూపింది. వాయుగుండం ప్రభావంతో ఆ నెల 18, 19 తేదీల్లో తిరుపతి, తిరుమల కొండలపై అతిభారీ వర్షం కురిసింది. కళ్యాణి డ్యాం నిండింది, నగర వీధులు వాగులయ్యాయి, తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇల్లు స్వర్ణముఖిలోకి కుప్పకూలిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. అంత వాన ఏ నదికైనా వరద తెస్తుంది, అందులో సందేహం లేదు. అయితే వరద ఎక్కడ కోస్తుంది, ఎంత కోస్తుంది అన్నది నది ఆకారం మీద ఆధారపడుతుంది. సమంగా పరుచుకున్న ఇసుక మీద నీరు వెడల్పుగా, పలచగా పారుతుంది. అడ్డదిడ్డంగా తవ్విన గోతులున్న చోట ప్రవాహం గోతుల వెంట మళ్లి ఒక ఒడ్డును గురిపెడుతుంది. అడుగు కుంగినకొద్దీ గట్టు ఎత్తు పెరుగుతుంది, కింద కోసుకుపోయిన ఎత్తైన గట్టు ఒక్కసారిగా విరిగిపడుతుంది. వంతెనల స్తంభాల పునాదులు బయటపడేదీ ఇలాగే. తవ్వి వదిలేసిన చోట పెరిగిన సర్కారు తుమ్మ దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. ఏళ్లతరబడి పెద్దగా పారని నది అంచులు ఖాళీ స్థలంగా కనిపించి, ప్లాట్లుగా మారడం దీనికి తోడయింది. తిరుపతి చుట్టూ పేరూరు, అవిలాల, తుమ్మలగుంట లాంటి చెరువులు కొండనీటిని ఆపి, మొరవ (మిగులు నీరు పొర్లే కట్టడం) మీదుగా నెమ్మదిగా కిందికి వదిలే గొలుసులో భాగం. ఊరు పెరిగి ఆ గొలుసులోని వంకలు మూసుకుపోయిన మేరకు నీరు వీధుల దారి పట్టింది.

తిరుపతి పెరుగుదల నదికి చేసిన మరో మార్పు మురుగు. ఎండాకాలంలో పైనుంచి పారకం లేనప్పుడు నగరం వదిలేదే నదిలో కనిపించే నీరవుతుంది. తూకివాకం దగ్గర శుద్ధి కేంద్రం ఉన్నా, కాలువల్లో కలిసి నేరుగా ఏట్లోకి చేరే మురుగును అది పట్టలేదు. దిగువన శ్రీకాళహస్తి తన వంతు కలుపుతుంది. ఇసుక మేట లోతుగా ఉన్నచోట అది ఒక వడపోత కూడా. ఆ మేట పలచబడిన చోట మురుగు తక్కువ దూరంలోనే బావి ఊటను చేరుతుంది.

నదిలో తగ్గిన నీటికి బదులుగా బయటి నీరు వస్తోంది. తెలుగుగంగ ప్రాజెక్టు కృష్ణా నీటిని సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా తెచ్చి తిరుపతికీ, చెన్నైకీ అందిస్తోంది. పెన్నా నీటిని స్వర్ణముఖికి కలిపే సోమశిల–స్వర్ణముఖి లింకు కాలువ పనులు ఏళ్లుగా సాగుతున్నాయి. తిరుపతి లాంటి యాత్రికుల నగరానికి బయటి నీరు తప్పదు. అయినా ఈ ప్రాజెక్టుల మీద ఖర్చుపెట్టేవారు ఒక విషయం గమనించాలి. దూరం నుంచి తెచ్చిన నీటిని వదిలేది అదే నదిలోకైతే, దాన్ని పట్టి నిలిపే ఇసుక అక్కడ ఉండాలి. గుల్లయిన ఏట్లో వదిలిన నీరు వాకాడు బ్యారేజీ దాటి సముద్రానికి పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ చివరి పల్లెల్లో సమస్య తిరగబడి ఉంటుంది. నదిలోంచి దిగే మంచినీటి ఒత్తిడి తగ్గి, ఒడ్డున బోర్ల తోడకం పెరిగినకొద్దీ సముద్రపు ఉప్పునీరు నేల కింద లోపలికి జరుగుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి మంచినీరు ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో, అంతకుముందు చిత్తూరు, నెల్లూరు జిల్లాల మధ్య విడిపోయి ఉన్న ఈ నది పుట్టుక నుంచి సముద్రం దాకా దాదాపుగా ఒకే యంత్రాంగం కిందికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చాలా నదులకు లేని వెసులుబాటు ఇది. పైన ఎంత తవ్వితే కింద ఎన్ని బావులు ఎండాయో ఒకే కార్యాలయంలో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అందుకు కావలసింది భారీ ప్రాజెక్టు కూడా కాదు. ప్రతి ఈశాన్య రుతుపవన కాలానికి ముందూ తరువాతా తొండవాడ, తిరుచానూరు, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల దగ్గర నది అడుగు మట్టం కొలిచి, పెరిగిన మేరకు మాత్రమే తవ్వకానికి అనుమతిచ్చి, తగ్గిన చోట ఆ ఏడాది రీచ్‌ను, అంటే ఇసుక తవ్వే చోటును, మూసివేయడం. ఊటకాలువ తలలు, తాగునీటి బావులు, కలంకారీ ఉతుకు రేవులు ఉన్న చోట్లను తవ్వకం నిషేధించిన హద్దులుగా పటంలో గుర్తించడం. ఆ కొలతలను పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయడం. మునగలపాలెం రైతులు పోలీసు స్టేషన్‌కు వెళ్లవలసి వచ్చింది, వారి ఏట్లో ఎంత ఇసుక ఉందో, ఎంత పోయిందో చెప్పే ఇలాంటి లెక్క ఊళ్లో ఎక్కడా లేకపోవడం వల్లనే.